మెర్సిడెస్ ఎస్‌ఈసీ కూపే లోపలి ప్యానెళ్లు ఊడదీయడం: సమస్య - పరిష్కారం

మెర్సిడెస్-బెంజ్ 1981 నుంచి 1991 వరకు తయారు చేసిన ఎస్‌ఈసీ కూపేలో తలుపు అద్దాలకు చట్రం ఉండదు, పక్కనున్న ముందు కిటికీ అద్దానికీ వెనక కిటికీ అద్దానికీ మధ్య నిలువు స్తంభమూ ఉండదు. నాలుగు అద్దాలూ దించితే పక్కభాగమంతా తెరుచుకునే ఆ అందానికి మూల్యం లోపలి ప్యానెళ్ల వెనక కనిపిస్తుంది. మామూలు కారులో స్తంభంలో ఉండే సీటు బెల్టు సామగ్రి ఇక్కడ వెనక సీటు పక్క ప్యానెల్ చాటుకు చేరింది. సీటును జరిపే స్విచ్చులు సీటు ఆకారంలోనే డోర్ ప్యాడ్ (తలుపు లోపలి ప్యానెల్) మీద అమర్చి ఉంటాయి, అన్ని తలుపులకూ ఒకేసారి తాళం వేసే సెంట్రల్ లాకింగ్ ప్రతి తలుపులో కరెంటు మోటారుతో కాక ఒక పంపు, గాలి గొట్టాలతో పనిచేస్తుంది. అందువల్ల ఈ కారులో ప్యానెల్ తీసేటప్పుడు వచ్చే ఇబ్బందులు కొన్నైతే, బిగించిన తరువాత బయటపడేవి అంతకంటే ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు తాళంచెవి తీసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి. ముందు బెల్టులకు టెన్షనర్లు ఉన్న కార్లలో ప్రమాదం జరిగిన క్షణాన చిన్న మందుగుండు పేలి బెల్టును బిగిస్తుంది. ఆ మందుగుండు మీ చేతుల దగ్గర పేలకూడదు కదా. పనిముట్లలో స్క్రూడ్రైవర్ కంటే వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీ ముఖ్యం, ఎందుకంటే సన్నని ఇనుప మొన తోలు మీద చేసే గీతను ఏ పాలిష్ కూడా దాచలేదు.

స్క్రూలన్నీ తీశాను, డోర్ ప్యాడ్ కదలడం లేదు

దాదాపు ప్రతిసారీ కారణం రెండింటిలో ఒకటి: ఇంకా కనిపించని స్క్రూ ఒకటి మిగిలి ఉండడం, లేదా ప్యాడ్‌ను లాగుతున్న దిశ తప్పు కావడం. లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గిన్నెలోనూ, తలుపు లాగే పట్టీ మూత కిందనూ, తలుపు అంచున ఉండే దీపం వెనకనూ టార్చి వేసి చూడండి. ఇవన్నీ తీసిన తరువాత కూడా ప్యాడ్ నిలిచి ఉండడానికి కారణం, కింది అంచు, పక్క అంచులు క్లిప్పులతో పట్టుకుని ఉండగా పై అంచు అద్దం పక్కన తలుపు రేకుకు తగిలించి ఉండడమే. కాబట్టి ముందు కింది క్లిప్పులను ఒక్కొక్కటిగా విడిపించి, తరువాత ప్యాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని నేరుగా పైకి ఎత్తాలి. మీ వైపుకు లాగితే పై అంచు విరుగుతుంది. ఎత్తిన వెంటనే దూరంగా తీసుకుపోవద్దు: సీటు స్విచ్చుల తీగలు, దీపం తీగ ఇంకా తలుపుకు కట్టి ఉంటాయి, వాటి కనెక్టర్లను విప్పేవరకు ప్యాడ్‌ను మోకాలి మీద ఆనించుకోవాలి.

క్లిప్పుతో పాటు అట్ట ముక్క ఊడి వచ్చింది

డోర్ ప్యాడ్ వెనకభాగం నొక్కి చేసిన పీచు అట్ట, అది ముప్పై నలభై ఏళ్ల తేమకు ఉబ్బి మెత్తబడి ఉంటుంది. మరోవైపు ప్లాస్టిక్ క్లిప్పులు గట్టిపడి పెళుసెక్కుతాయి. చలిదేశాల్లో ఈ కారు ఉంచుకున్నవారు గ్యారేజీని వేడి చేసిన తరువాతే ఈ పని చేయడం మంచిది, ఎండ బాగా కాసే మన ఊళ్లలో ఆ అవసరం ఉండదు. ప్లాస్టిక్ పట్టీని ప్యాడ్ అంచున ఎక్కడో కాక, సరిగ్గా క్లిప్పు మెడ పక్కన దూర్చి తిప్పితే అట్ట నిలుస్తుంది. ఇప్పటికే చిరిగిపోయిన చోట అట్టను పూర్తిగా ఆరబెట్టి, చిరుగు చుట్టూ ఎపాక్సీ జిగురు పట్టించి, వెనక నుంచి పలుచని ప్లాస్టిక్ రేకు అతికించి, అది గట్టిపడిన తరువాత క్లిప్పు కన్నం మళ్లీ తొలవాలి. పాత క్లిప్పులను తిరిగి వాడి పొదుపు చేయడం నాకు సమ్మతం కాదు.

ప్యాడ్ బిగించిన వారానికి కార్పెట్ తడిసింది

ఇది అన్నింటికంటే ఎక్కువగా అపార్థమయ్యే లక్షణం. చాలామంది అద్దం బీడింగ్‌ను (అద్దం అంచున ఉండే రబ్బరు పట్టీని) నిందించి కొత్తది కొంటారు, నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. అసలు సంగతి ఏమిటంటే, బయటి బీడింగ్ ఎంత మంచిదైనా వాన నీరు కొంత అద్దం వెంబడి తలుపు లోపలికి దిగుతుంది, అలా దిగడం తప్పు కూడా కాదు. ఆ నీరు తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి, ప్యాడ్ వైపుకు రాకుండా రేకు మీద అతికించిన ప్లాస్టిక్ షీటు దానిని అడ్డుకోవాలి. ప్యాడ్ తీసిన రోజున ఆ షీటును చింపి ఉంటారు, లేదా ఎండిపోయిన జిగురు మీదే తిరిగి అదిమి వదిలి ఉంటారు. చిరిగితే మందపాటి పాలిథీన్‌తో కొత్తది కత్తిరించుకోవచ్చు. పాత జిగురును గీకి, చుట్టూ తెగకుండా బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు టేపు) వేసి అతికించాలి, ముఖ్యంగా షీటు కింది అంచును రేకులోని చీలిక గుండా తలుపు లోపలికి మడిచి వదలాలి. ఆ అంచు బయట ఉంటే మీరు నీటికి కాలువ తవ్వి కార్పెట్‌కు చూపించినట్టే. అడుగు రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయేమో సన్నని తీగతో గుచ్చి చూడడం కూడా మరవవద్దు.

లాకింగ్ పంపు ఆగకుండా మోగుతోంది

తలుపులు తాళం పడకపోయినా, పడిన తరువాత కూడా పంపు శబ్దం చాలాసేపు సాగినా, ప్యాడ్ తీసేటప్పుడు గాలి గొట్టపు రబ్బరు జాయింటు ఊడిందనో పగిలిందనో అనుకోవాలి. ఒక్క తలుపులో గాలి లీకైనా పంపుకు తగిన ఒత్తిడి చేరదు. పని చేసిన తలుపునే ముందు చూడండి. గట్టిపడిన రబ్బరు ముక్కను టేపు చుట్టి నిలబెట్టవద్దు, అది తక్కువ ధర వస్తువు.

వెనక పక్క ప్యానెల్ రావడం లేదు, లేదా తీశాక బెల్టు అందించే చేయి పనిచేయడం లేదు

ఈ ప్యానెల్‌ను నేరుగా తీయడం సాధ్యం కాదు. ముందు వెనక సీటు కింది భాగాన్ని, దాని ముందరి అడుగంచున ఉన్న రెండు తాళపు గుబ్బలు నొక్కి ఎత్తి తీయాలి. తరువాత వీపుభాగం అడుగు బోల్టులు విప్పి, దానిని పైకి ఎత్తి కొక్కేల నుంచి విడిపించాలి. అప్పుడే ప్యానెల్ అంచులు కనిపిస్తాయి. ముందు కూర్చున్నవారికి బెల్టును అందించే విద్యుత్ చేయి అక్కడే ఉంటుంది. మోటారు మోగుతూ చేయి కదలకపోతే సాధారణంగా చేయిని కదిలించే లోపలి భాగం విరిగి ఉంటుంది. మోటారు అసలు మోగకపోతే ఫ్యూజు, తలుపు స్విచ్చు, మీరే విప్పిన కనెక్టరు, ఈ వరుసలో చూడండి. చేయిని చేత్తో బలంగా లాగి పరీక్షించేవారు బాగున్న యూనిట్‌ను కూడా పాడుచేసుకుంటారు.

చెక్క పట్టీ పగుళ్లు చూపింది

పైన కనిపించేది పలుచని చెక్క పొర, దాని మీద గట్టి వార్నిష్. ఒక కొసను పట్టి వంచితే పొర పగులుతుంది. పట్టీ పొడవునా కొద్దికొద్దిగా వదులు చేస్తూ రావాలి. పగులు వచ్చేశాక ఇంట్లో వార్నిష్ పూయకుండా చెక్క పని తెలిసినవారికి ఇవ్వడమే మేలు.

బిగించాక కిర్రుమని శబ్దం చేస్తోంది

క్లిప్పు తన కన్నంలోకి పూర్తిగా దిగలేదు, లేదా తీగల కట్ట రేకుకు తగులుతోంది. ప్యాడ్ మీద అరచేతితో నొక్కుతూ పోతే శబ్దం ఆగిన చోటే తప్పు ఉంటుంది, అక్కడ ఫెల్ట్ టేపు వేస్తే సరిపోతుంది. అన్ని కనెక్టర్లూ తగిలించిన తరువాతే బ్యాటరీ కలపండి, ఎందుకంటే టెన్షనర్ కనెక్టరు విడిగా ఉండగా తాళం తిప్పితే ఎస్‌ఆర్‌ఎస్ దీపం (ప్రమాద రక్షణ వ్యవస్థలో తప్పును తెలిపే హెచ్చరిక దీపం) వెలిగి, ఆ తప్పు చెరిపించేవరకు అలాగే ఉండిపోవచ్చు. సీటు, అద్దాలు, లాకులు, బెల్టు చేయి పనిచేస్తున్నాయని చూసుకుని, చివరి రెండు స్క్రూలు ఆ తరువాత బిగించండి.