ట్యాంకు తీశాక గొయ్యి పూడ్చేముందు

భూమిలోంచి పాత పెట్రోలు ట్యాంకు పైకి రాగానే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. క్రేన్ వెళ్లిపోతుంది. తెరిచి ఉన్న గోతిలో ఎవరు పడతారోనని అందరికీ టెన్షన్. సాయంత్రానికల్లా పూడ్చేద్దామంటారు. దయచేసి ఆ తొందర పడకండి. చుట్టూ కంచె కట్టి, ఒకరిని కాపలా పెట్టండి. ట్యాంకు ఎక్కడ కారిందో, ఎంత లోతుకు ఇంకిందో కళ్లతో చూడగలిగేది ఇప్పుడే. పూడ్చాక అదే సంగతి తెలుసుకోవడానికి బోర్లు వేయాల్సి వస్తుంది.

ముందు మనుషుల సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు. అది పైకి పోదు, గోతి అడుగున చేరి నిలుస్తుంది. గాలిలో 1.4 శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. కాబట్టి సిగరెట్టుతోపాటు మామూలు సెల్‌ఫోను, టార్చిలైటు కూడా దూరంగా పెట్టాలి. ఆవిరినీ ఆక్సిజన్‌నూ కొలిచే గ్యాస్ మీటరును తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున విడివిడిగా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం లేకపోయినా, ఆవిరి అంటుకునే స్థాయిలో పదో వంతుకు చేరినా ఎవరూ దిగకూడదు. ముక్కును నమ్మొద్దు, కాసేపటికే అది వాసనకు అలవాటు పడిపోతుంది. గోడలనూ నమ్మొద్దు. ట్యాంకు చుట్టూ నింపిన ఇసుక వదులుగా ఉంటుంది, హఠాత్తుగా జారి మనిషిని కప్పేస్తుంది. అసలు ల్యాబ్ పరీక్షకు పంపే మట్టి శాంపిల్ కోసం మనిషి దిగాల్సిన పనే లేదు. యంత్రం బకెట్‌తో మట్టి పైకి తెప్పించి, ఇనుముకు తగలని మధ్య భాగం నుంచి తీసుకోవచ్చు.

ట్యాంకు రెండు చివరల కింద, ఇంధనం పోసే గొట్టం కింద, పైపుల అతుకుల దగ్గర తప్పకుండా శాంపిల్ తీయాలి. ట్యాంకుకు ఒక్క చిల్లు లేకపోయినా, అతుకుల దగ్గర ఏళ్ల తరబడి బొట్టు బొట్టుగా కారి ఉండవచ్చు.

ఎక్కువ పొరపాట్లు శాంపిల్ పట్టడంలోనే జరుగుతాయి. పెట్రోలులో ఉండే బెంజీన్ లాంటి విష రసాయనాలు ఇట్టే ఆవిరైపోతాయి. నాలుగు చోట్ల మట్టి పళ్లెంలో వేసి కలిపితే, ఎండలో పది నిమిషాలు ఉంచితే, మీరు పట్టుకోవాలనుకున్నదే ఎగిరిపోతుంది. ల్యాబ్ రిపోర్టు శుభ్రంగా వస్తుంది, మట్టి మాత్రం అలాగే ఉంటుంది. నీళ్లయితే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో అంచు పైకి ఉబ్బేదాకా నెమ్మదిగా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో తట్టి చూడండి. చిన్న బుడగ పైకి కదిలినా ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి పట్టండి. వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలి. జనరేటరు, బండి ఇంజను శాంపిల్ పట్టే చోటు నుంచి గాలి వీచి వెళ్లే వైపున ఉండాలి, లేదంటే వాటి పొగే శాంపిల్లోకి చేరుతుంది.

గోతిలో నీళ్లు చేరితే మోటారు పెట్టి కాలువలోకి తోడకండి. పైన రంగురంగుల పొర కనిపిస్తే కర్రతో కదిలించండి. పెంకుల్లా విరిగి విడిపోతే అది చాలావరకు బాక్టీరియా వల్ల వచ్చిన పొర. విడిపోయినట్టే విడిపోయి మళ్లీ కలిసిపోతే నూనె అనుకోవాలి. ఏదైనా సరే, ల్యాబ్ తేల్చేదాకా ఆ నీళ్లు బయటికి పోకూడదు. తవ్విన మట్టి కిందా పైనా మందపాటి ప్లాస్టిక్ పట్టా వేయండి. ఒక్క వాన చాలు, మట్టిలో ఉన్నది మళ్లీ నేలలోకి దిగడానికి.

భూగర్భజలం దాకా వెళ్లిందనిపిస్తే పరిశీలన బోర్లు కనీసం మూడు, త్రిభుజంలా వేయాలి. మూడు చోట్ల మట్టాలు కొలిస్తేగానీ నీరు ఎటు పారుతోందో తెలియదు. పెట్రోలు, డీజిలు నీటి మీద తేలతాయి గనుక బోరు పైపుకు రంధ్రాలు నీటిమట్టానికి కాస్త పైనుంచి కిందిదాకా ఉండాలి. రంధ్రాలన్నీ మట్టానికి దిగువనే ఉంటే పైన తేలే పొర కనిపించదు. వానలకు మట్టం పెరిగితే ఆ పొర మట్టి సందుల్లో ఇరుక్కుని మాయమైనట్టుంటుంది, వేసవిలో మళ్లీ బయటపడుతుంది. అందుకే ఒక్క కొలతతో బాగుందని రాసేయొద్దు. బోరు చుట్టూ బెంటొనైటు బంకమట్టితో సీలు సరిగా వేయకపోతే, పైన ఉన్న కాలుష్యానికి కిందికి దారి మనమే వేసినట్టవుతుంది.

చుట్టుపక్కల బావులు, బోర్లు వాడేవాళ్లకు మొదటి రోజే చెప్పండి. తాగే నీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంతకు ఎన్నో రెట్లు పెరిగితేగానీ బెంజీన్ రుచి నాలుకకు తెలియదు. కాచి తాగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కాస్తే ఆ ఆవిరి వంటింట్లో గాలిలో కలుస్తుంది. ఫలితాలు వచ్చేదాకా తాగడానికి, వంటకు, వేడినీళ్ల స్నానానికి వేరే నీళ్లు ఏర్పాటు చేయాలి. నేలమాళిగలో పెట్రోలు వాసన వస్తోందని ఎవరైనా చెబితే, స్విచ్ వేయకుండా, ఉన్న లైటు ఆర్పకుండా అందరూ బయటికి వచ్చి, అక్కడి నుంచే ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయమనండి.