గడ్డి మందు కొట్టేవాళ్లు ముందు చేతులు కాపాడుకోండి

బెంగళూరు సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో తోట పనికి సూపర్‌వైజర్‌ని నేను. మా జట్టులో ఎక్కువమంది కదిరి, హిందూపురం వైపువాళ్లే. గడ్డి మందు అనగానే మూతికి తువ్వాలు బిగించి, ఉత్త చేతులతో డబ్బా మూత తీస్తారు. ఘాటు వాసన ఉంటేనే విషం అనుకుంటాం గానీ, మందు కొట్టేవాళ్ల ఒంట్లోకి అది ఎక్కువగా చేరేది చర్మం గుండానే.

కొట్టేటప్పటికంటే కలిపేటప్పుడు భయపడాలి. ట్యాంకులోది నీళ్లు కలిసింది, డబ్బాలోది చిక్కటి మందు. నైట్రైల్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) గ్లౌజులు వేసుకున్నాకే దాన్ని ముట్టండి. బట్టవి, తోలువి మందు పీల్చుకుని చేతికే అంటిపెడతాయి, అసలు వద్దు. మూత కింద సీలు పంటితో లాగకండి, నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ రెండూ మానరు!

ట్యాంకు వీపుకెత్తుకునే ముందు నీళ్లు పోసి, వంగి చూడండి. మూత వాషర్ అరిగితే వంగినప్పుడల్లా మందు నడుము మీదికి కారుతుంది. చెమటేలే అనుకుని సాయంత్రం దాకా అదే చొక్కాతో తిరుగుతారు. తడిసిన గుడ్డ ఒంటికి మందు పట్టీ వేసినట్టే. చంకలు, గజ్జల దగ్గర చర్మం అరచేతికంటే త్వరగా పీల్చుకుంటుంది. అందుకే ఒంటికి వెళ్లే ముందు కూడా చేతులు కడగాలి. బీడీ, టీ సంగతి చెప్పక్కర్లేదు. ప్యాంటు బూట్ల పైకి ఉండాలి, లోపలికి దోపకూడదు. హవాయి చెప్పులతో తడి గడ్డిలో దిగొద్దు.

ఏ మందో కూడా చూసుకోండి. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. "మీ మాలీ కొడతాడులే" అని కమిటీవాళ్లు అంటే ఆ మాట చెప్పండి. ఇక పారాక్వాట్ అయితే నేను మా వాళ్లను ముట్టనివ్వను. దానికి విరుగుడు లేదు. పగిలిన మడమలు, ముళ్లు గీరిన చేతుల గుండా ఒంట్లోకి పోతే కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

మీద ఒలికితే సిగ్గుపడకుండా బట్టలు అక్కడే విప్పేయండి. పారే నీళ్లలో సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడగండి. కిరోసిన్ పూయొద్దు, పీచుతో గట్టిగా రుద్దొద్దు, చర్మం గీసుకుపోతే మందు ఇంకా లోపలికి పోతుంది. పని అయ్యాక గ్లౌజులు చేతికి ఉండగానే పైన కడిగి, తర్వాత తీయండి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానబెట్టొద్దని ఇంట్లో చెప్పండి.

బొబ్బలు, వాంతులు, ఆయాసం ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి. పారాక్వాట్ పడితే ఏమీ అనిపించకపోయినా వెళ్లాల్సిందే. డబ్బా లేబుల్ ఫోటో మేస్త్రీ ఫోన్లో ముందే ఉంచుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.