కంప్యూటర్ సిస్టం శబ్దాలు ఎక్కడుంటాయి? వాటిని మార్చుకోవడం ఎలా?

తప్పు జరిగినప్పుడు ‘డింగ్’ మనేదీ, పెన్‌డ్రైవ్ పెట్టగానే మోగేదీ మామూలు ఆడియో ఫైళ్లే. విండోస్‌లో సి డ్రైవ్ తెరిచి, విండోస్ ఫోల్డరులోని మీడియా ఫోల్డరుకు వెళ్లండి. అక్కడ పేరు చివర డబ్ల్యూ-ఏ-వీ అని ఉండే వేవ్ ఫైళ్లు వరసగా కనిపిస్తాయి. విండోస్ 3.1 నాటి ‘టడా’ ఇప్పటికీ అందులోనే ఉంది. స్టార్టప్ శబ్దం కోసం మాత్రం అక్కడ వెతకొద్దు. విస్టా నుంచి అది ఇమేజ్‌రెస్ అనే సిస్టం ఫైలు లోపల ఉంటోంది.

మ్యాక్‌లో ఫైండర్ తెరిచి గో మెనూలో ‘గో టు ఫోల్డర్’ నొక్కి సిస్టం, లైబ్రరీ, సౌండ్స్ అనే దారి ఇవ్వండి. బాసో, గ్లాస్, సబ్‌మెరీన్ లాంటి శబ్దాలన్నీ ఏఐఎఫ్ఎఫ్ అనే ఆపిల్ ఆడియో ఫార్మాట్‌లో ఉంటాయి. లినక్స్‌లో యూఎస్ఆర్, షేర్, సౌండ్స్ దారిలో చూడండి. అక్కడ ఎక్కువగా ఆగ్ అనే రకం ఆడియో ఫైళ్లు దొరుకుతాయి.

ఎక్కడ దొరికినా కట్ చేయకండి, కాపీ చేయండి. మార్పులన్నీ ఆ కాపీ మీదే. అసలు ఫోల్డరులోనే సేవ్ చేయబోతే అనుమతి లేదంటుంది, అది మన మంచికే.

ఇక ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఎంపీ3 ఫైలు పేరు చివర తీసేసి వేవ్ అని రాసేస్తే అది వేవ్ అయిపోదు. పేరే మారింది, లోపలి సరుకు ఎంపీ3గానే ఉంది. విండోస్ సౌండ్ సెట్టింగులకు పీసీఎం పద్ధతిలో, అంటే శబ్దాన్ని కుదించకుండా రాసిన వేవ్ కావాలి.

ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఫైలు తెరవండి. ముందు తరంగం మొదలును జూమ్ చేసి చూడండి: అక్కడ గీత చదునుగా సాగుతుంటే అది నిశ్శబ్దం. అర సెకను ఉన్నా క్లిక్ చేశాక శబ్దం ఆలస్యంగా వచ్చినట్టుంటుంది. ఆ భాగాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి. పెద్ద పాటలోంచి ముక్క కోస్తే చివర ‘టప్’ మని వినిపిస్తుంది, తరంగం సున్నాకు రాకముందే తెగిపోవడమే కారణం. ఆఖరి 0.1 సెకనుకు ఫేడ్ అవుట్ (శబ్దం మెల్లగా తగ్గిపోయేలా చేయడం) ఇస్తే పోతుంది.

తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఆడియో. ఫార్మాట్ వేవ్, ఎన్‌కోడింగ్ 16 బిట్ పీసీఎం, శాంపిల్ రేటు 44,100 హెర్ట్జ్. స్టీరియో అయితే సెకనుకు 1,76,400 బైట్లు పడుతుంది, అంటే మూడు సెకన్ల శబ్దం సుమారు 530 కేబీ. మోనో చాలనుకుంటే అందులో సగమే. ఎంపీ3ని వేవ్‌గా మార్చినంత మాత్రాన పోయిన నాణ్యత తిరిగి రాదు. వేవ్‌ను ఎంపీ3 చేస్తే మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది, అలర్టులకు అది పనికిరాదు.

సేవ్ చేసిన ఫైలును డౌన్‌లోడ్స్‌లో వదిలేయకండి. ఎప్పుడో ఆ ఫోల్డరు ఖాళీ చేస్తారు, ఆ రోజు నుంచి శబ్దం మూగబోతుంది. మ్యూజిక్ ఫోల్డరులో పెట్టి, స్టార్ట్‌లో ‘చేంజ్ సిస్టం సౌండ్స్’ వెతికి తెరవండి. జాబితాలో సందర్భాన్ని ఎంచుకుని, బ్రౌజ్‌తో ఫైలు చూపించి, టెస్ట్ నొక్కండి. వినిపిస్తే అప్లై చేయండి. మ్యాక్‌లో అయితే ఏఐఎఫ్ఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, మీ హోమ్ ఫోల్డరులోని లైబ్రరీలో ఉన్న సౌండ్స్ ఫోల్డరులో వేయండి. లైబ్రరీ కనబడకపోతే ఆప్షన్ కీ పట్టుకుని గో మెనూ తెరవండి. సిస్టం సెట్టింగ్స్ అప్పటికే తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరిచాకే కొత్త పేరు అలర్టుల జాబితాలో కనిపిస్తుంది.