కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక స్క్రీన్ మినుకుమంటోందా? విప్పే ముందు ఈ జాగ్రత్తలు

కార్డే పాడైందని తేల్చేసి స్క్రూడ్రైవర్ అందుకోకండి. ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. మదర్‌బోర్డు పోర్టులో కాదు, కొత్త కార్డు పోర్టులో ఉండాలి. నవ్వకండి, నేనూ ఒక సాయంత్రమంతా ఇందుకే టెన్షన్ పడ్డాను.

గీతలు, చుక్కలు కనిపిస్తుంటే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. అందులోనూ ఉంటే అనుమానం డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మీద, కార్డు మీద. లేకపోతే ముందు కేబుల్, మానిటర్ మార్చి చూడండి.

పాత డ్రైవర్ తీసేసే ముందు:
• ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి.
• కొత్త డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసి, నెట్ ఆపేయండి. లేకపోతే మధ్యలో విండోస్ తనంతట తానే ఏదో ఒక డ్రైవర్ ఎక్కించేస్తుంది.
• బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే, ఆ తాళం తీసే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. డ్రైవర్ తీసేయడానికి సేఫ్ మోడ్‌లోకి (విండోస్ కనీస హంగులతో మొదలయ్యే పద్ధతి) వెళ్లేటప్పుడు అడగొచ్చు.

కేబినెట్ తెరవాల్సి వస్తే షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. కేబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ముట్టుకున్నాకే కార్డు మీద చెయ్యి వేయండి.

అసలు తంటా ఎక్కువగా కరెంటు దగ్గరే. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే స్లాట్ ఇచ్చేది 75 వాట్లే, పవర్ సప్లై నుంచి కార్డుకు వచ్చే 8 పిన్నుల కేబుల్ ఇచ్చేది 150. కార్డుకు ఎంత కావాలో చూసి లెక్క వేసుకోండి. పిన్నులు చివరిదాకా దిగాయా? వేరే పవర్ సప్లైతో వచ్చిన కేబుల్ సరిగ్గా పట్టినా వాడొద్దు. లోపలి వైరింగ్ వేరైతే కార్డు కాలిపోవచ్చు.

పాత కార్డు మాత్రం ఇప్పుడే అమ్మేయకండి.