ఇంటర్‌లో జాగ్రఫీ తీసుకోవాలో వద్దో తేల్చుకోవడం ఎలా?

పదో తరగతి ఫలితాలు రాగానే ఏటా అదే తంతు. "సోషల్‌లో తొంభై ఐదు వచ్చాయి సార్, జాగ్రఫీ ఇప్పించేద్దామా?" సీబీఎస్ఈ సోషల్‌లో భూగోళం నాలుగింట ఒక పాలు మాత్రమే. మిగతా మార్కులు చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రాలవి. ఆ తొంభై ఐదును పక్కన పెట్టి ఈ పరీక్ష పెట్టండి.

కావలసినవి: కొండ ప్రాంతపు టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) ఒకటి, హెచ్‌బీ పెన్సిలు, రబ్బరు, గంట సమయం. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటమే కావాలి. అరకు వైపుదైనా, శ్రీశైలం వైపుదైనా సరే. కోనసీమది తీసుకోకండి, అక్కడ చదవడానికి ఎత్తుపల్లాలు ఉండవు. కాగితం మీద ముద్రించుకోండి. ఫోనులో వేళ్లతో పెద్దది చేస్తూ పోతే కొండ ఒకచోట, లోయ ఒకచోట అయిపోయి మొత్తం రూపం కంటికి అందదు.

ముందు అయిదు నిమిషాల్లో భాష నేర్పండి. పటం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. నీలం నీరు, పచ్చ అడవి. గోధుమ రంగు గీతలు కాంటూరు రేఖలు: ఒక్కో గీత మీద ఉన్న చోట్లన్నీ ఒకే ఎత్తు. గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల తేడా. ప్రతి అయిదో గీత లావుగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. వాగు ఏదీ గీసి లేని కొండవాలు మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, "ఇక్కడ కుండెడు నీళ్లు కుమ్మరిస్తే ఏ వాగులో కలుస్తాయి? దారి గీయి" అనండి. అన్నాక మీరు నోరు మూసుకోవాలి. అందరూ పాడుచేసేది ఇక్కడే. రెండు నిమిషాలు ఆగలేక నాన్నగారు వేలు పెట్టి చూపించేస్తారు. ఆ తరువాత వచ్చే జవాబు నాన్నగారిది.

మొదటిసారి దాదాపు అందరూ తప్పు గీస్తారు. కాంటూరు రేఖలు వీ ఆకారంలో వంగినచోట మొన ఎగువకు చూస్తే అది లోయ, దిగువకు చూస్తే గట్టు. పిల్లలు గీతల మీది అంకెలు చదవకుండా ఆకారం చూసి ఊహిస్తారు, నీళ్లను గట్టు మీదుగా నడిపిస్తారు. తప్పు అని మాత్రం చెప్పండి, ఎందుకు తప్పో చెప్పకండి. మీరు చూడవలసింది ఆ తరువాతి ఇరవై నిమిషాలను. తనంతట తాను అంకెలు వెతుక్కుని, చెరిపి, మళ్లీ గీస్తే జాగ్రఫీ ఇప్పించండి. "జవాబు చెప్పేయండి" అంటే వద్దు.

ఒకసారి నేనే ఈ పరీక్ష పెట్టకుండా, దేశాల రాజధానులన్నీ గడగడ అప్పజెప్పిన అబ్బాయిని జాగ్రఫీకి పంపాను. రెండు నెలల్లో సబ్జెక్టు మార్చుకున్నాడు. సివిల్స్‌లో ఆప్షనల్‌గా పనికొస్తుందని ఇప్పుడే ఇప్పించేవారూ ఉన్నారు. అక్కడ ఆప్షనల్‌కు 500 మార్కులన్నది నిజమే, కానీ పదహారేళ్ల పిల్లకు ఈ రెండేళ్లు గడవడం ముఖ్యం.

మిగిలింది సులువే. మన రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్‌లో ఈ సబ్జెక్టు చెప్పే కాలేజీలు తక్కువ కాబట్టి ముందే వాకబు చేయండి. లెక్కలు ఇష్టమైతే వాటినీ కలిపి ఇస్తారేమో అడగండి, నా దృష్టిలో అంతకు మించిన జోడీ లేదు. సీబీఎస్ఈలో 70 మార్కులు థియరీకి, 30 ప్రాక్టికల్స్‌కు. కాబట్టి చేరే ముందు గత ఏడాది పిల్లల ప్రాక్టికల్ రికార్డులు చూపించమనండి. అన్నింటిలోనూ ఒకే చేతిరాత కనిపిస్తే మరోచోట చూసుకోండి.