బంగారు బల్లి కోసం గుట్ట ఎక్కే ముందు

బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ సైనికాధికారి తిరుపతి కొండల నుంచే లోకానికి పరిచయం చేశాడు. తర్వాత చాలా ఏళ్లు జాడ లేదు, 1980ల్లో శేషాచలం కొండల్లో మళ్లీ దొరికింది. ఆ తర్వాత పాపికొండల్లో, వేలూరు వైపు, ఒడిశాలోనూ కనిపించింది. కాబట్టి మీ ఊరి గుట్టలోనూ ఉండొచ్చు. కంచి గుడిలోని బంగారు బల్లి వేరే సంగతి, దాన్ని తాకొచ్చు. దీన్ని తాకకూడదు.

రిజర్వ్ ఫారెస్ట్ అయితే అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ఇది వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవి, పట్టుకుంటే కేసే. ఒంటరిగా వెళ్లొద్దు. ఇది ఉండేది చీకటి, చెమ్మ ఉన్న రాతి నెరియల్లో. పింజరలకు, తేళ్లకు, ఎలుగుబంట్లకు నచ్చే చోట్లు కూడా అవే. టార్చ్ వేసి చూడకుండా చెయ్యి పెట్టొద్దు. బండకు కొండతేనె పట్టు ఉంటే టార్చ్ అటు తిప్పనే తిప్పొద్దు, రాత్రి అయినా వెలుగు మీదికి వచ్చేస్తాయి.

బల్లి కనపడగానే టెన్షన్‌లో ఫొటోలు దంచేస్తాం. నేను ఒకసారి నలభై తీసి ఇంటికొచ్చి చూస్తే ఒక్కదాంట్లోనూ వేళ్లు లేవు. అసలు తేడా తెలిసేది వేళ్ల దగ్గరే: బంగారు బల్లికి వేలి కొనలు జంట పలకల్లా వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి. బండల మీద తిరిగే ఇతర పెద్ద బల్లులకు అలా ఉండవు. పసుపు రంగును నమ్ముకుంటే మోసపోతారు, ఆడవి గోధుమ రంగులోనే ఉంటాయి. ఫొటో కోసం దాన్ని తరమొద్దు, తోక వదిలేస్తుంది.

ఒక్క బల్లి కనిపించిందని కొత్త చోటు దొరికేసినట్టు కాదు. గ్రానైట్ లారీలో కూడా బల్లి ఊరు మారుతుంది. పిల్లలు, గుడ్లు ఉన్నాయా చూడండి. బండ కింద సున్నపు చుక్కలు అద్దినట్టు గుంపుగా అతుక్కుని ఉంటాయి గుడ్లు. చాలా ఆడబల్లులు ఒకేచోట పెడతాయి. గోరుతో గీకారో, పగిలిపోతాయి. అలాగే ఉంచి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి.

తేదీ, సమయం, జీపీఎస్ రాసుకోండి. ఆ జీపీఎస్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, అరుదైన బల్లుల కోసం కాచుక్కూర్చునే బేరగాళ్లు ఉన్నారు. ఫొటోలో దాగి ఉండే లొకేషన్ కూడా తీసేయండి. వివరాలు అటవీశాఖకు, జంతువుల మీద పరిశోధన చేసే హైదరాబాద్‌లోని జూలాజికల్ సర్వే కేంద్రానికి పంపితే చాలు.