మాంజా పట్టుకునే ముందు: సంక్రాంతికి డాబా ఎక్కే పిల్లలకూ, వాళ్ల ఇంటివాళ్లకూ

డిసెంబర్ ఆఖరుకల్లా మా హైదరాబాద్‌లో ధూల్‌పేట, మంగళ్‌హాట్ దుకాణాల ముందు పతంగులు వేలాడుతుంటాయి. బడి నుంచి వచ్చిన పిల్లలు సంచీ మంచం మీద పడేసి డాబా మీదికి పరుగెత్తుతారు. నేనూ అలాగే పెరిగాను. పద్నాలుగేళ్లప్పుడు పేంచ్ పడ్డాక, అంటే రెండు పతంగుల దారాలు పెనవేసుకున్నాక, దారం బిగపట్టినందుకు చూపుడువేలు లోతుగా కోసుకుపోయింది. అమ్మ తిడుతుందని రెండు రోజులు ఆ చెయ్యి జేబులోనే దాచుకున్నాను. మచ్చ ఇంకా ఉంది. ఆ కోసిన దారం గాజుపొడి పూసిన మామూలు నూలు మాంజా. ఇప్పుడు మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి ఈడు పిల్లల చేతికి అంతకంటే ఎన్నో రెట్లు ప్రమాదమైన దారం వస్తోంది. పండగ సెలవులు మొదలయ్యేలోపు ఈ సంగతులు ప్రతి ఇంట్లో మాట్లాడుకోవాలని రాస్తున్నాను.

కత్తిని చూస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే జాగ్రత్తపడతారు. చరఖాకు, అంటే దారం చుట్టే చక్రానికి, చుట్టిన రంగు దారం చూస్తే ఆట గుర్తొస్తుంది, కోత గుర్తురాదు. పైగా ఆడేవాళ్ల కళ్లు ఆకాశంలో ఉంటాయి, చెవుల్లో స్పీకర్ పాట మోగుతుంటుంది, మనసంతా పక్క డాబా పతంగి మీద ఉంటుంది. కాళ్ల కింద ఏముందో, ఆ దారం ఎవరి మెడ మీదుగా పోతోందో చూసే తీరిక ఉండదు. ఆ వయసులో స్నేహితుల ముందు పిరికివాడు అనిపించుకోవడం కంటే పిట్టగోడ ఎక్కడమే తేలిక అనిపిస్తుంది. కాబట్టి ‘జాగ్రత్త నాన్నా’ అని కింద నుంచి కేకేస్తే సరిపోదు. ఏం చేయాలో ముందే తేల్చుకుని పైకి పంపాలి.

మొదట దారం సంగతి. చైనీస్ మాంజా అని మనం పిలిచేది నైలాన్ దారం. పేరుకు చైనాదే కానీ ఎక్కువగా తయారయ్యేది మన దేశంలోనే. నూలు దారాన్ని గట్టిగా లాగితే తెగిపోతుంది. ఆ తెగిపోయే గుణమే ఎదుటి మనిషిని కాపాడుతుంది. నైలాన్ సాగుతుంది గానీ అంత తేలిగ్గా తెగదు. బైక్ మీద వస్తున్న మనిషి మెడకు తగిలితే దారం నిలుస్తుంది, చర్మం తెగుతుంది. 2024 సంక్రాంతికి ముందు లంగర్‌హౌజ్ దగ్గర ఫ్లైఓవర్ మీద బైక్‌పై వెళ్తున్న ఒక సైనికుడి ప్రాణం ఇలాగే పోయింది. ఆ దారం వదిలినవాళ్లు ఎవరినీ చంపాలనుకుని ఉండరు. బహుశా అది ఎక్కడ పడిందో కూడా వాళ్లకు తెలిసి ఉండదు. నాకు నిద్ర పట్టనివ్వని విషయం అదే.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. అయినా ఏటా జనవరిలో పోలీసులు దుకాణాల్లో, గోదాముల్లో పట్టుకుంటూనే ఉన్నారు. అంటే కొనేవాళ్లు ఇంకా ఉన్నారన్నమాట. దుకాణంలో ‘ఇది తెగదు, గ్యారంటీ’ అంటే ఆ చరఖా అక్కడే పెట్టేసి వచ్చేయండి. ఇంటికి తెచ్చాక అనుమానం ఉంటే పెద్దవాళ్లు ఒక చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని అంటించి చూడాలి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. నైలాన్ కరిగి చివర గట్టి ఉండ కడుతుంది. పదేళ్లలోపు పిల్లలకు గాజుపొడి లేని సాదా దారమే ఇవ్వండి. పెద్ద పిల్లలు నూలు మాంజా వాడినా వేళ్లకు మెడికల్ టేప్ చుట్టుకోవాలి.

ఇక డాబా. మన బస్తీల్లో పిట్టగోడలు చాలాచోట్ల మోకాలి ఎత్తే ఉంటాయి, కొన్ని ఇళ్లకు అసలు ఉండవు. పతంగి ఎగరేసేవాళ్లు పడేది ఎక్కువగా వెనక్కి నడుస్తూనే. ఢీల్ ఇచ్చేటప్పుడు, అంటే దారం వదిలేటప్పుడు, నిలకడగా ఉన్నవాళ్లు, లాగేటప్పుడు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేస్తారు. అంచు నుంచి నాలుగడుగుల లోపలికి సుద్దముక్కతో గీత గీయండి. చిన్నపిల్లల పనిలా ఉందని మా అబ్బాయి మొదట విసుక్కున్నాడు. ఇప్పుడు వాడే గీస్తాడు. చరఖా పట్టుకునేవాళ్లు పతంగిని చూడకూడదు, ఎగరేసేవాళ్ల కాళ్లను చూడాలి. గీత దాటితే ‘ఆగు’ అని అరవడం వాళ్ల పని. ఆ అరుపు వినపడాలంటే పాట సౌండ్ తగ్గించాలి. నీళ్ల ట్యాంకు ఎక్కడం, రేకుల మీద నడవడం, పక్కింటి డాబా మీదికి దూకడం వద్దే వద్దు. పిల్లర్ల పైన పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలకు ఖాళీ ప్లాస్టిక్ సీసాలైనా తొడగండి. కడుతున్న బిల్డింగులు ఎక్కనివ్వకండి. అక్కడ లిఫ్ట్ కోసం వదిలిన గుంతలకు అడ్డు ఉండదు.

‘అఫా’ అని అరుపు వినగానే తెగిన పతంగి వెనక రోడ్డు మీద పరుగెత్తే పిల్లలను చూస్తే నా గుండె ఆగినంత పనవుతుంది. పది, ఇరవై రూపాయల పతంగి అది. కావాలంటే ఇంకొకటి కొనిస్తామని ముందే మాటివ్వండి.

కరెంటు తీగల దగ్గర అసలు బేరమే లేదు. పతంగి తీగకు చిక్కిందంటే అది పోయినట్టే లెక్క. దారం లాగకూడదు, వదిలేయాలి. లాగితే రెండు తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పులు రాలవచ్చు. లోహపు పొడి కలిసిన మాంజా అయితే కరెంటు నేరుగా చేతిలోకి వస్తుంది. కర్టెన్ రాడ్లు, ఇనుప చువ్వలు, పచ్చి వెదురు కర్రలు ఎత్తి తీయబోయి కాలిపోయే పిల్లలు ఉంటారు. మన గల్లీల్లో బాల్కనీ పక్క నుంచే పోయే లైన్లలో కొన్ని 11 వేల వోల్టులవి. యాకుత్‌పురా, డబీర్‌పురా లాంటి చోట్ల ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల పట్టాల పైన ఉండే తీగలో 25 వేల వోల్టులు ఉంటాయి. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు గాల్లోంచి దూకుతుంది. తీగ తెగి వేలాడుతుంటే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి.

ఎవరికైనా షాక్ కొడితే వెంటనే పట్టుకుని లాగాలనిపిస్తుంది. ఆగండి. ఇంట్లో కరెంటైతే ముందు మెయిన్ ఆపాలి. పెద్ద లైనైతే ఎండు కర్ర కూడా కాపాడదు. సరఫరా ఆగేదాకా దగ్గరికి పోకుండా 108కి, 1912కు చెప్పాలి.

బండి నడిపేవాళ్లకు ఒక మాట. పండగ వారం రోజులు మెడకు మఫ్లర్ గానీ మందపాటి స్కార్ఫ్ గానీ చుట్టుకోండి, హెల్మెట్ అద్దం దించండి, ఫ్లైఓవర్ల మీద నెమ్మదిగా వెళ్లండి. చుట్టుపక్కల డాబాల నుంచి తెగివచ్చే దారాలు సరిగ్గా ఆ ఎత్తులో తేలుతుంటాయి. స్కూటీ ముందు చిన్నపిల్లల్ని నిలబెట్టుకోకండి. దారం మొదట తగిలేది వాళ్ల మెడకే. ముఖానికి ఏదో తగిలినట్టనిపిస్తే చేత్తో లాగకుండా, వెనక చూసుకుని బండి ఆపండి.

మెడ తెగితే శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి. మెడ చుట్టూ కట్టు బిగించకూడదు, ఊపిరి ఆడదు. గుడ్డ తడిస్తే దాన్ని తీయకుండా దాని మీదే ఇంకొకటి పెట్టి అదుముతూ ఉండాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. వేళ్ల కోతలకు పసుపు, కాఫీపొడి పెట్టకండి. పారే నీళ్లతో, సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. దెబ్బ తగిలిన పిల్లల్ని ఆ పూట తిట్టకండి. నాలా చెయ్యి దాచుకునే పరిస్థితి ఏ పిల్లలకూ రాకూడదు.

పొద్దున్నే పక్షులు గూళ్లు వదిలే వేళ, సాయంత్రం గూళ్లకు తిరిగే వేళ పతంగులు దించేయండి. కనుమ మర్నాడు పిల్లలంతా ఒక సంచీ, కత్తెర పట్టుకుని డాబా మీద, మెట్ల మీద, చేతికందే కొమ్మల్లో మిగిలిన దారం ఏరాలి. దాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, మూట కట్టి చెత్తబండిలో వేయాలి. తీగల మీద ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు.